మోదుగ పూల కింద పేరు పిలవకండి

పెళ్లిళ్లలోనూ తద్దినాల్లోనూ మోదుగాకు విస్తళ్లలో సగం జీవితం భోంచేసినదాన్ని, ఆ చెట్టు పువ్వు ఎలా ఉంటుందో ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా చూడలేదు. మాది తెనాలి వైపు. విస్తళ్లు కట్టలుగా అంగడికి వచ్చేవి గాని చెట్టు రాదు కదా. మావారి ఉద్యోగం వల్ల హైదరాబాదు వచ్చి సనత్‌నగర్‌లో కాపురం పెట్టాక మాకు పెరుగు పోసే పెంటమ్మ పరిచయమైంది. ఆమెది కొండాపూర్. పొద్దున్నే హఫీజ్‌పేటలో రైలెక్కి నెత్తిన కుండతో మా దగ్గర దిగేది. డెబ్భై అయిదులో, కాముని పున్నమి ఇంకో వారం ఉందనగా, కొంగులోంచి నాలుగు పూలు తీసి మా అమ్మాయి వాణి చేతిలో పెట్టింది. కాముని పున్నమి అంటే ఇక్కడివాళ్ల హోళీ. చిలక ముక్కులా వంకర తిరిగిన ఎర్రటి పూలు, వాసన మాత్రం సున్న. వీటినే ఉడకబెట్టి రంగునీళ్లు చేస్తామని, తమ గుట్టల దగ్గర ఆకన్నది లేకుండా చెట్లన్నీ పూసి ఉన్నాయని చెప్పింది. "చూస్తె అడవి అంటుకున్నదనుకుంటరమ్మా. జర తీరిక చేస్కోని రాండ్రి" అంది. వాణికి అప్పుడు ఆరేళ్లు. ఆ పూలను గోళ్లకు తొడుక్కుని సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగింది. ఇక నేనెక్కడ ఆగుతాను?

మావారు భూములు కొలిచే శాఖలో పని చేస్తారు. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మరు. ఆదివారం పూటా హాయిగా పడుకోక రాళ్లగుట్టల్లో ఏం పని అని రెండు రోజులు సణిగి, మూడో రోజు ఆయనే రైలు వేళ కనుక్కొచ్చారు. వెళ్లదలచుకున్నవాళ్లకు దారి చెబుతాను. నాంపల్లి నుంచి వాడి జంక్షను వైపు పోయే పొద్దుటి పాసింజరు ఎక్కి హఫీజ్‌పేటలో దిగాలి. టిక్కెట్టు రూపాయి లోపే. అది తప్పిపోతే బొంబాయి రోడ్డు మీద పోయే బస్సెక్కి చందానగర్‌లో దిగొచ్చు గాని, అక్కడి నుంచి కొండాపూర్‌కు ఎండలో గంటకు పైగా నడక. పిల్లలున్నవాళ్లకు రైలే నయం. స్టేషను బయట పెంటమ్మ మరిది యాదయ్య ఎడ్లబండి పెట్టుకుని ఉన్నాడు. రానూపోనూ మూడు రూపాయలు కిరాయి, అందులో మధ్యాహ్నం ఆగడం కూడా కలిపే.

బండిబాట పొడుగునా జొన్న కోసేసిన చేలు, మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి వెళ్లినట్టుండే పెద్ద పెద్ద గుండ్లు. ఏ క్షణాన దొర్లుతాయో అనిపిస్తాయి గాని, తన తాత నాటి నుంచీ వాటిలో ఒక్కటీ కదల్లేదన్నాడు యాదయ్య. అడవిలో పులీ గిలీ ఉందా అని మావారు అడిగితే నవ్వాడు. "జంతువులకు ఫికర్ చెయ్యకుండ్రి సార్. గుట్టలకాడ మాత్రం లొల్లి చెయ్యొద్దు" అన్నాడు. ఎందుకని నేనడిగితే వదిన చెబుతుందిలే అని ఎడ్లను అదిలించాడు.

పెంటమ్మ ఇంట్లో జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పచ్చిపులుసంటే కాల్చిన వంకాయ పడాల్సిందే. ఇక్కడ ఉల్లిపాయ, నువ్వులపొడి వేశారు. వంకాయ మరిచిపోయావా అని నేను ఆటపట్టిస్తే, మీకు నువ్వులు కొనే ఓపిక లేదేమోనని ఆమె నాకు అంటించింది. రొట్టెలు మెత్తగా, వేడిగా ఉన్నాయి. వాణి రెండు తింది. అంతటి కబుర్ల మనిషి పెంటమ్మ, బండి మళ్లీ ఎక్కి ఊరు దాటాక మాట తగ్గించేసింది.

గుట్టల మొదట్లో బండి ఆగింది. యాదయ్య దిగి ఎడ్ల మెడల్లో గంటలు విప్పి గడ్డిలో దాచాడు. అప్పుడు పెంటమ్మ వాణిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మాకూ వినబడేలా, పద్ధతి చెప్పింది. చెట్టున పువ్వు తెంపకూడదు, రాలినవే ఏరుకోవాలి. లోపల ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. ఎవరైనా నీ పేరు పిలిస్తే వెంటనే పలకకూడదు, కదలకూడదు. "గుట్ట ఒకసారి పిలుస్తది బిడ్డా, రెండుసార్లు పిలుస్తది. మూడోసారి పిలువది. మూడోసారి పిలిస్తె మనిషన్నట్టు. అప్పుడు పో" అంది. దారి తప్పితే ఉన్నచోటే కూర్చోవాలి, ఎక్కడో ఒకచోట పొగ లేస్తుంది, ఆ పొగ దగ్గరికి రావాలి. వాణి వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుని అప్పజెప్పింది. రాళ్లన్నాక ప్రతిధ్వని ఉండదా అని మావారు ఇంగ్లీషులో నాతో అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక పూల సంగతి. రెండు గుండ్ల సందులోంచి అవతలికి అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాను. కనుచూపు మేర ఆకు లేదు, పచ్చదనం లేదు. నల్లటి వంకర కొమ్మలు, వాటి నిండా మంటలా ఎర్రని పువ్వు. కింద నేల కనబడదు, రాలిన పువ్వే. నడుస్తుంటే కాళ్ల కింద మెత్తగా దిగుతుంది గాని చప్పుడు కాదు. మొదట్లో తేనెపిట్టలు కొమ్మల్లో కిచకిచలాడాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అవీ ఆగిపోయాయి. అన్ని పూలున్నచోట రవ్వంత వాసన లేకపోవడం నాకు చాలాసేపు తోచలేదు గాని, తోచాక మాత్రం ఒళ్లు జలదరించింది. అందంగా ఉంది, కాదనను. కానీ ఆ అందం మమ్మల్ని చూస్తున్నట్టుంది.

పెంటమ్మ ఒక చెట్టు కింద, నేనొక చెట్టు కింద పూలు ఏరుతున్నాం. మావారు కెమెరాతో గుండ్లెక్కారు. వాణి నా పక్కనే గౌను చెరగులో పూలు నింపుకుంటోంది. నా గంపలో పూలు సర్దుకుని తలెత్తేసరికి పిల్ల లేదు. చుట్టూ చూశాను. అన్ని చెట్లూ ఒకటే, అన్ని రాళ్లూ ఒకటే. దాని గౌను కూడా ఎరుపే. ఆ ఎరుపులో ఎక్కడని వెతకను? మా వైపు ఆడవాళ్లకు పిల్లల్ని కేకేయడం ఊపిరి తీసుకోవడం లాంటిది. పెంటమ్మ చెప్పిందంతా ఎటో పోయింది. గొంతెత్తి "వాణీ" అని పిలిచాను.

ఎడమవైపు గుండు అదే మాట తిరిగి అంది. కొంచెం ఆగి, ఇంకా దూరంగా, దిగువ నుంచి రెండోసారి వినిపించింది. మొదటిది నా గొంతే. రెండోది కూడా నాదే అయ్యుండాలి. కానీ నా పిలుపులో కంగారు ఉంది, దానిలో లేదు. ఎంతో ఓపికగా, లాలనగా పిలిచినట్టుంది.

మళ్లీ నోరు తెరిచేలోగా పెంటమ్మ పరుగెత్తుకొచ్చి నా నోరు మూసింది. "ఎన్నిసార్లు పిలిచిన్రమ్మా" అని గొణిగింది. ఒక్కసారేనన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. "గుట్ట రెండుసార్లు పల్కింది. కలిపితె మూడాయె" అంది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. మూడు పిలుపులు లెక్కపెట్టుకుని, మూడోది ఎటు నుంచి వస్తే అటు పొమ్మని ఆమే నేర్పింది. ఆ మూడోది దుర్గం చెరువు వైపు నుంచి వచ్చింది. అటు గుట్ట నిలువునా నీళ్లలోకి దిగుతుంది.

నా కేక విని వచ్చిన మావారు, యాదయ్య చెరో వైపు చప్పుడు లేకుండా వెళ్లారు. పెంటమ్మ బోడిరాయి మీద ఎండాకులు పోగేసి, బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి వెలిగించి, పైన పచ్చిగడ్డి వేసింది. పొగ సన్నగా, నిటారుగా లేచింది. ఇక చేయగలిగింది కూర్చోవడమే. తప్పిపోయిన బిడ్డను పిలవకుండా కూర్చోవడమంటే ఏమిటో నేను చెప్పలేను. పిలిస్తే ఇంకో అడుగు అటు వేస్తుందేమోనని భయం, పిలవకపోతే వదిలేశాననుకుంటుందేమోనని భయం. పమిట చెంగు నోట్లో కుక్కుకున్నాను. పెంటమ్మ నా చెయ్యి వదల్లేదు. ఒకట్రెండు పూలు మా మీద రాలాయి. అంతకుమించి అక్కడ కదిలిందేమీ లేదు.

ఎంతసేపటికో చెట్ల మధ్య నుంచి వాణి నడిచొచ్చింది. ఏడుపు లేదు, కంగారు లేదు. చెరగులో పూలు సగం ఒలికిపోయాయి. దాన్ని వాటేసుకుని ఏడవడం అయ్యాక ఎక్కడికెళ్లావే అని అడిగాను.

"నువ్వు మూడుసార్లు పిలిచావుగా, వచ్చాను. అక్కడ నువ్వు లేవు" అంది.

మరి ఎందుకు ఆగావని అడిగాను.

"నాలుగోసారి కూడా పిలిచావు. నాలుగోసారి పిలిస్తే ఏం చెయ్యాలో పెంటమ్మ చెప్పలేదు కదా. అందుకని అక్కడే కూర్చున్నాను. తర్వాత పొగ కనబడింది."

మావాళ్లిద్దరూ పొగ చూసి తిరిగొచ్చాక, ఆ చోటు చూపించమంటే చూపించింది. ఏటవాలు బండ, దాని మీద రాలిన పూలు. అడుగు పెడితే జారి పోవడమే. బండ అంచుకు జానెడు ఇవతల దాని చెరగులోంచి ఒలికిన పూలు చిన్న కుప్పగా ఉన్నాయి. కింద, చాలా కింద, చెరువు నీళ్లు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి.

మావారు కాసేపు ఆ కుప్పనే చూశారు. రాయి మూడుసార్లు తిరిగి పలికి ఉంటుంది, నువ్వు కంగారులో రెండే విని ఉంటావు అన్నారు. నేను నిలబడ్డ చోటుకే వెళ్లి, పెంటమ్మ వద్దంటున్నా వినకుండా, తన పేరే తను గట్టిగా పిలుచుకున్నారు. రెండుసార్లు తిరిగొచ్చింది. ముఖం అటు తిప్పి పిలిచారు. రెండుసార్లే. వాణి కూర్చున్న చోట నన్ను వినమని నిలబెట్టి, తను మొదటి చోటికి వెళ్లి మళ్లీ పిలిచారు. ఆయన పిలుపుతో కలిపి నాకు మూడు వినబడ్డాయి. నాలుగోది లేదు. వచ్చి వాణిని ఎత్తుకున్నారు, రైలెక్కేదాకా దించలేదు.

తిరుగు బండిలో, ఆ పిలిచింది ఎవరని పెంటమ్మను అడిగాను. "నాకెర్కలేదమ్మా. మా అత్త చెప్పింది నేను చెప్పిన. నాలుగోదాని ముచ్చట మా అత్త చెప్పలే" అంది. మర్నాడు ఎప్పటిలాగే పెరుగు కుండతో వచ్చింది. ఊళ్లో పిల్లలందరికీ నాలుగోసారి పిలిస్తే కదలకుండా కూర్చోమని చెప్పానని, ఇక నుంచి తమ పద్ధతి అదేనని చెప్పింది.

ఇంత జరిగాక కూడా వెళ్లమంటావా అని మీరు అడగొచ్చు. వెళ్లమనే అంటాను. శివరాత్రి దాటాక మొదలై హోళీకి నిండుగా పూసి, ఉగాదికల్లా రాలిపోయే పువ్వది. అలాంటి వసంతం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. భయపడ్డ మాట నిజమే, ఇప్పటికీ ఆ ఎరుపు కలలోకొస్తే లేచి కూర్చుంటాను. కానీ నాకు భయంకంటే కృతజ్ఞతే ఎక్కువ. నేను ఒకసారి పిలిచి నా బిడ్డను అంచు దాకా పంపాను. నాలుగోసారి పిలిచినవారెవరో దాన్ని అక్కడ ఆపారు. వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే చూసి వచ్చేయండి, కొంగున ఒక అగ్గిపెట్టె కట్టుకోండి, పిల్లలకు పొగ సంగతి ముందే చెప్పండి. మా వాణి ఇంట్లో ఉన్నా మూడోసారి పిలిస్తే గాని పలకదు. నేనూ మాన్పించలేదు. ఎంత విసుగొచ్చినా నాలుగోసారి మాత్రం పిలవను. ఆ పిలుపు నాది కాదు.