పసుపు కుంకుమల రోము నాణెం

రైలు గార్డు రాజలింగం గారు మా రోము నాణేన్ని మార్చేశారన్న వార్త నాకు మొదట చెప్పినది మా అటెండరు కనకమ్మ. 1986 ఏప్రిల్‌లో, భద్రాచలంలో సీతారాముల కల్యాణం చూసుకుని వచ్చి నేను వరంగల్ బస్టాండులో దిగిన ఉదయం అది. నా సంచి అందుకుంటూనే మొదలుపెట్టింది.

"మీరు రాముని పెండ్లి చూసుకుంట ఆడ కూసున్నరు, ఈడ మన కొంప మునిగింది. ఆ డోర్నకల్ గార్డు సారు లేడా? దొంగబిళ్ళ పెట్టి అసలుది ఎత్కపోయిండట. హైదరాబాదు సారు కండ్లెర్ర జేసుకుని కూసున్నడు."

నేను ఆశ్చర్యపోలేదు. "అనుకున్నా," అన్నాను. ఆ ఒక్క మాట అన్నానని ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అంతకు ముందు ఏడాది జూన్‌లో నన్ను వరంగల్‌లోని ఒక చిన్న ప్రదర్శనశాలలో రిజిస్ట్రేషన్ గుమాస్తాగా వేశారు. తాత్కాలిక ఉద్యోగం. నేను బడి గడప తొక్కలేదు. మా నాన్నగారే ఇంట్లో పలక పట్టించి, ప్రైవేటుగా మెట్రిక్ రాయించారు. ఆయన దిద్దించిన దస్తూరీ చూసే నాకు ఆ పని ఇచ్చారు. దీపం పెట్టేటప్పుడు ఆయనకు ఒక నమస్కారం పెట్టకుండా నాకు ఏ రోజూ గడవదు.

ప్రదర్శనశాలకు ఏ వస్తువు వచ్చినా ఆ రోజే దానికి ఒక నంబరు ఇచ్చి రిజిస్టరులో ఎక్కించాలి. కొలత, బరువు, దొరికిన చోటు, ఎవరి ద్వారా వచ్చింది, ఇప్పుడున్న స్థితి - ఇవన్నీ వేర్వేరు గళ్ళు. ఏటా ఏప్రిల్‌లో హైదరాబాదు నుంచి ఒక అధికారి వచ్చి, రిజిస్టరు పక్కన పెట్టుకుని ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని సరిచూస్తారు. దానినే తనిఖీ అనేవాళ్ళం. రాసినదానికీ ఉన్నదానికీ తేడా వస్తే గుమాస్తా జవాబు చెప్పుకోవాలి.

నేను చేరిన వారానికే తహశీలు కచేరీ నుంచి తొమ్మిది వెండి నాణేలు వచ్చాయి. డోర్నకల్ దగ్గర ఒక మిరప చేనులో, ముంతలో దొరికినవి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి రోము నాణేలు. మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. ఒకవైపు రాజు తల, రెండోవైపు పీట మీద కూర్చుని చేత కొమ్మ పట్టుకున్న స్త్రీ. నేను కంసాలి త్రాసులో తూచి, స్థితి అన్న గడిలో "నల్లని పొర గట్టిగా పట్టి ఉన్నది" అని రాశాను.

వాటి వెనకే రాజలింగం గారు వచ్చారు. గూడ్సు బండి గార్డు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఎప్పుడో సికింద్రాబాదులో పాత పుస్తకాలవాడి దగ్గర అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నారట. అప్పటినుంచీ ఆయనకు రోము పిచ్చి. సిగ్నలు పడక బండి ఆగిన చోటల్లా చివరనుండే బ్రేకువ్యానులో కూర్చుని అదే చదివేవారట. ముంత దొరికిన రైతు వెండిని కరిగించబోతుంటే ఆపి, సర్కారుకు అప్పగించేలా నచ్చజెప్పింది తానేనని చెప్పారు. కాగితాల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. కాగితంలో లేని మాట నమ్మకూడదని ఆఫీసులో నాకు నేర్పారు. నేను నమ్మలేదు.

సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవారు. నాణేల ముందు కూర్చుంటే టీ చల్లారినా తెలిసేది కాదు.

"మీసం లేని రాజు ఏం రాజు సారూ, మా ఆయనే నయం," అని కనకమ్మ ఆటపట్టించేది.

"మీసం లేకుండనే సగం లోకం ఏలిండు కనకమ్మా. నీ పెనిమిటి నిన్నొక్కదాన్ని ఏలుతలేడు గద!" అనేవారాయన.

ఇంత వెండి మన వైపుకు ఎందుకొచ్చిందని ఒకసారి అడిగాను. "ఇయ్యాల ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్ముతలేరా? అప్పుడు మన నూలు బట్ట ఓడలెక్కి పోయింది, ఈ వెండి వచ్చింది. కాశిబుగ్గ సాలెవాళ్ళ తాతముత్తాతలు నేసినదే రోము దొరసాన్లు కట్టిన్రేమో మేడం," అన్నారు.

వినడానికి బాగానే ఉండేది. కానీ ఏ లాభమూ లేకుండా మనిషి అంత దూరం నుంచి ఎందుకు వస్తాడని లోపల దొలిచేది. పెద్ద చదువు లేనివాడికి ఇంత జ్ఞానం దేనికి అని కూడా అనుకున్నాను. నేను మాత్రం ఏ బడిలో చదివానని! ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

అక్టోబరులో దసరా వచ్చింది. అన్ని ఆఫీసుల్లాగే మేమూ ఆయుధపూజ చేసుకున్నాం. రిజిస్టర్లు, త్రాసు, తూనికరాళ్ళు పీట మీద పెట్టి, పసుపు కుంకుమలు చల్లి, బంతిపూలు వేశాం. రాజలింగం గారు ఆ రోజుల్లో రాలేదు. పూజ అయ్యాక నాణేలను విడివిడి కవర్లలో పెట్టి, నంబర్లు రాసి, పెట్టెలో భద్రం చేశాను.

డిసెంబరులో ఆయన వచ్చినప్పుడు అగ్గిపెట్టె ఒకటి తెరిచి చూపించారు. లోపల దూది మీద ఎర్రటి లక్క బిళ్ళలు. గార్డుల దగ్గర వ్యాగన్ తలుపులకు సీలు వేసే లక్క ఉంటుంది. దాని మీద ఆ నాణేల ముద్రలు తీసుకున్నారు. "కచేరీల ఇచ్చే ముందు ఒత్తుకున్న మేడం. మల్ల ఎప్పుడు చూస్తనో అని," అన్నారు. అదే రోజు టపాకు సంతకం చేయడానికి నేను బయటికి వెళ్ళి వచ్చేసరికి నాణేల పెట్టె మూత తెరిచి ఉంది. "కవర్ల మీద నంబర్లు ముత్యాలోలె రాసిండ్రు," అని నవ్వారు. నేను నవ్వలేదు.

ఏప్రిల్ తనిఖీలో, నేను సెలవులో ఉండగా, అయిదో నంబరు కవరు తెరిచిన అధికారికి కొత్త గిన్నెలా మెరిసే నాణెం కనబడింది. బరువు కూడా రెండు గురిగింజల ఎత్తు తక్కువ. నాణేల కోసం వచ్చిపోయేవారెవరని అడిగితే ఆఫీసులో అందరూ గార్డు పేరే చెప్పారట. నేను రాగానే అనుమానాలుంటే రాసిమ్మన్నారు. రెండు పేజీలు రాశాను. రాజలింగం గారి రాకపోకలు, లక్క ముద్రలు, తెరిచిన మూత, అన్నీ. నా దస్తూరీ ఎప్పుడూ అంత చక్కగా కుదరలేదు.

మూడోనాడు రాజలింగం గారిని పిలిపించారు. డ్యూటీ దిగి తెల్ల యూనిఫారంతోనే వచ్చారు. అధికారి నా కాగితం చదివి వినిపించి, అచ్చు చేతిలో ఉన్నవాడికి నకిలీ పోయడం ఎంతసేపని అడిగారు. సాయంత్రానికి పోలీసులకు ఫిర్యాదు వెళ్తుందని కూడా చెప్పారు.

"కేసయితే సస్పెండు జేస్తరు సార్. ముప్పయ్యేండ్ల నౌకరి పోతది," అన్నారాయన. "పోయేముందు ఒక్కసారి ఆమెను చూడనియ్యిండ్రి."

"ఎవరిని?"

"పీట మీద కూసున్నామెను."

భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తరువాత నా వైపు చూసి, నాణెమూ అద్దమూ నా ముందుకు జరిపారు. "జర మీరు చూడుండ్రి మేడం. ఆమె కాళ్ళకాడ."

చూశాను. పాదాల దగ్గర గీతల్లో ఎర్రగా కుంకుమ. చీర కుచ్చిళ్ళ వంటి మడతల్లో పసుపు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధపూజనాడు లక్ష్మీదేవిలా ఉందని అయిదో నంబరు నాణేన్ని పీట మీద పెట్టాలనుకున్నది నేనే. నల్లగా ఉన్నదాన్ని పెట్టెలోంచి తీసి కనకమ్మ చేతికిచ్చి, "పూజకు పెట్టేవన్నీ తోమి తీసుకురా," అన్నదీ నేనే. తోమడమంటే మన ఇళ్ళలో చింతపండు, బూడిద. అది తిరిగి పీట మీదికి వచ్చేసరికి నేను మంత్రం చదువుకుంటున్నాను. పసుపు చల్లాను, పూలు కప్పాను. పూజయ్యాక గుడ్డలో అద్ది, సరిగా చూడకుండానే కవరులో వేశాను.

"ఏముందక్కడ?" అని అధికారి అడిగారు.

మట్టి అంటే సరిపోయేది. ఆ నెలలోనే తాత్కాలికులను పర్మనెంటు చేసే జాబితా తయారవుతోంది. అందులో నా పేరుంది. రాజలింగం గారు టోపీ ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. మనసులో రాముణ్ణి తలచుకుని జరిగినదంతా చెప్పేశాను.

వాకిట్లోంచి కనకమ్మ గొంతు వచ్చింది. "అయ్యో, నేనే తోమిన సార్! ఎంత తోమితే అంత పుణ్యమనుకున్న!"

"ఎంతసేపు తోమావమ్మా?"

"చింతపండు మొత్తం ఒడిసేదాక సార్."

అధికారి నాణెం అంచును అద్దంతో పరీక్షించారు. అంచులో సన్నని పగులుంది. చింతపండు చేరని ఆ పగులులో పాత నలుపు అలాగే మిగిలి ఉంది. పోతపోసిన నకిలీకి అలాంటి పగులూ, పాత నలుపూ రావని ఆయనే చెప్పారు. తగ్గిన బరువు చింతపండు తినేసిన పొరదేనని తేల్చి, ఫిర్యాదు కాగితం చింపేశారు.

నాకు మెమో ఇచ్చారు. ఆ ఏటి జాబితాలోంచి నా పేరు తీసేశారు. రెండేళ్ళ తరువాత మళ్ళీ ఎక్కింది. కనకమ్మ నేను చెప్పినట్టే చేసిందని రాసిచ్చాను కనుక ఆమె జోలికి ఎవరూ రాలేదు.

గేటు దాకా వెళ్ళి రాజలింగం గారిని క్షమించమని అడిగాను. అప్పటిదాకా మేడం అన్న మనిషి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఆమె రాజు తల్లి అంటరు. రోములోళ్ళు గూడ ఆమెను దేవతను జేసి కొలిచిన్రట. ఇన్నేండ్లకు మల్ల నీ చేతుల పూజ జరిగింది," అన్నారు. తరువాత కూడా వచ్చారు. పెట్టె మూత మాత్రం నేను తీసి ఇచ్చేదాకా ముట్టుకునేవారు కాదు.

ఆ తరువాత నా ఉద్యోగమంతా స్థితి అన్న గడిలో వస్తువు ఎలా ఉందో రాసి, దాని కిందనే మేము దానికి ఏం చేశామో కూడా రాశాను. తుడిచినా, కడిగినా, పూజించినా. వస్తువులో తేడా వస్తే వచ్చిపోయినవారి పేర్లు వెతికే ముందు మన చేతులు చూసుకోవాలని తెలిసింది. అధికారి అనుమతితో "ఎవరి ద్వారా" అన్న గడిలో రాజలింగం గారి పేరు ఎర్రసిరాతో చేర్చాను. అద్దాల పెట్టెలో నాణేల పక్కన పెట్టే చీటీలో మాత్రం దానికి చోటు లేదన్నారు.

అందుకే ఈ మనవి. ఎనిమిది నల్లని నాణేల మధ్య తెల్లగా మెరిసే ఒక్క నాణెం మీకు ఎప్పుడైనా కనబడితే, దాన్ని తోమించిన నన్ను కాదు, దాన్ని కరగకుండా కాపాడిన డోర్నకల్ గార్డు రాజలింగం గారిని ఒకసారి తలచుకోండి.