గుండ్రటి మూల మీద బొటనవేలు

గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో మేం కట్టిన అపార్టుమెంటుకు పదునైన మూల ఒక్కటీ లేదు. పాతకాలపు ఓడలా గోడలు గుండ్రంగా తిరుగుతాయి. కిటికీల పైన మూడు గీతలు బిల్డింగంతా చుట్టేస్తాయి. దీన్ని ఆర్ట్ డెకో అంటారని ఇంజనీరు చెప్పాడు. ఆ గుండ్రటి మూలల ప్లాస్టరింగు మా అక్క భర్తకు తప్ప ఎవరికీ కుదరలేదు.

గేటు పక్కనున్న ఆఖరి మూల పూర్తయ్యాక, తడి ఆరకముందే బావ దాని మీద బొటనవేలు ఒత్తి చిన్న గుంట చేశాడు. ఊళ్లో కట్టిన ప్రతి ఇంటికీ అలాగే చేసేవాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇదేమన్న మన ఊరా? ఇంజనీరు చూస్తే ఊకుంటడా?" అన్నాను.

"ఇంత సాఫ్‌గ ఉంటే దిష్టి తగుల్తది బామ్మర్ది" అన్నాడు.

ఈద్ సెలవు రోజున మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న బావ మళ్లీ లేవలేదు. శవం ఊరికి వెళ్లింది. నాకు సెలవు ఇవ్వలేదు.

వారం తర్వాత ఇంజనీరు సరిచేయాల్సిన చోటల్లా నీలం టేపు అంటించాడు. ఆ గుంట మీద కూడా ఒక ముక్క ఉంది.

"యే భర్ దో, ఖలాస్" అన్నాడు నాతో, గుంట నింపేస్తే పనైపోతుందన్నట్టు.

అది బావదని చెప్పబోయాను. అతను అప్పటికే తర్వాతి టేపు దగ్గరికి వెళ్లిపోయాడు. టేపు పీకి నా బొటనవేలు అందులో పెట్టి చూశాను. వదులుగా ఉంది. పుట్టీ నింపి, కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని రుద్దాను. బావ నేర్పిన పనే. ఇంజనీరు మెచ్చుకున్నాడు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఏలు ఒత్తిన జాగ ఫోటో తీసి పంపు తమ్మీ" అంది.

వెళ్లి ఆ మూలంతా అరచేత్తో తడిమాను. ఎక్కడా ఏమీ తగల్లేదు.