రెండు గంటల నంబరు

మా అక్క సుభాష్‌పల్లిలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఒంటరిగా ఉంటుంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. బావ పోయాక మాతో ఉండమని నేనూ, మా ఆవిడా ఎన్నిసార్లు అడిగినా రాలేదు. "మీ ఇంట్లో ఫేను తగ్గించాలన్నా నిన్నడగాల. ఇక్కడైతే నేనే మేట్రన్ని" అంటుంది.

ఆమెకు ఇన్సులిన్ వాడకం ఉంది. పోయిన చలికాలంలో ఒక పొద్దున పాలాయన ఎంత కొట్టినా తలుపు తీయకపోతే పరుగున వచ్చి మాకు చెప్పాడు. మా దగ్గరున్న తాళంచెవితో తీసి చూస్తే అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. షుగరు పడిపోయింది. ఒళ్లంతా చెమట. చేతిలో మొబైల్ ఉంది. తేరుకున్నాక ఒక మాట అంది. "నీ పేరు కనబడతానే ఉందిరా. ఏటి నొక్కాలో తెలీలేదు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ రోజు డైరీలో అదొక్కటే రాశాను. తరవాత నెలంతా పొద్దున లేవగానే మేడ ఎక్కి ఆమె వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయా లేదా అని చూసేవాణ్ణి. ఆలస్యమైతే తాళంచెవి పట్టుకుని మేడ దిగేవాణ్ణి.

అందుకని వైర్‌లెస్ ఇంటర్‌కామ్ తెప్పించాను. రెండు పెట్టెలు. ఒకటి మా ఇంట్లో, ఒకటి ఆమె ఇంట్లో. వెతకాల్సిన పేర్లు లేవు, ఒకటే పెద్ద బటన్. నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. వెయ్యి అడుగుల దాకా పనిచేస్తుందని అట్టపెట్టె మీద రాశారు కానీ అది గోడలు లేనిచోట మాట. మా రెండిళ్ల మధ్య ఎన్ని గోడలున్నాయో లెక్కపెట్టాను. తొమ్మిది.

పరీక్ష మొదలుపెట్టాను. అక్క తన పెట్టెను ఒక్కోచోట పెట్టి మాట్లాడాలి. నేను మా ఇంట్లో విని డైరీలో రాయాలి. మొదటి ఛానెల్లో మా పేటలోనే ఎవరో బెంగాలీ ఆవిడ "దీదీ, కాపడ్ తులే నావ్" అంటూ బట్టలు తీయమని కేకేసింది. ఛానెల్ మార్చాం.

"వంటింట్లో పెట్టి పది దాకా లెక్కపెట్టు అక్కా" అన్నాను.

అంకెలు ఇసుకలో వేగుతున్నట్టు వినిపించాయి. వంటింటి గోడకు ఇనుప బీరువా ఆనుకుని ఉంది. పడకగదిలో సగం మాటలే వచ్చాయి. ముందుగదిలో, వీధి కిటికీ పక్కన పెడితే గొంతు స్పష్టంగా పలికింది.

"మళ్లీ ఒకసారి" అన్నాను.

"ఒరే, ఇప్పటికి నాలుగుసార్లు సెప్పినాను. నర్సు ఉద్యోగానికి కూడా నన్నిన్ని పరీక్షలు పెట్టలేదు."

పెట్టెను కిటికీ పక్కనే ఉంచాలని నిర్ణయించాను. అక్కడ కుర్చీ ఒకటి వేయించాను.

అయినా నాకు తృప్తి కలగలేదు. నేను పిలిస్తే ఆమె "ఆఁ" అంటుంది, సరే. ఆ "ఆఁ" తెలివితో అన్నదో, మగతలో అన్నదో ఎలా తెలుస్తుంది? నేను స్టేషన్ మాస్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మా పనిలో దీనికొక పద్ధతి ఉంది. గేటు మూశానని గేట్‌మన్ ఫోనులో చెబితే చాలదు. నిద్రమత్తులో కూడా మనిషి ఆ మాట అనగలడు. తన దగ్గరున్న కాగితంలో వరసగా ఉన్న అంకెల్లోంచి తరవాతి నంబరు చదివి చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటాం. అది నా పుస్తకంలోకి ఎక్కాకే రైలుకు సిగ్నల్ ఇస్తాను. కాగితం చూసి నంబరు చెప్పినవాడు మెలకువతో ఉన్నట్టే.

అక్కకు అలాంటి కాగితం ఒకటి రాసిచ్చాను. రెండేసి అంకెలు, వరస లేకుండా. వేళలు పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. నేను పిలవాలి, ఆమె తరవాతి నంబరు చదివి దాన్ని కొట్టేయాలి.

ఆమె కాగితం తిప్పి చూసింది. "నేనేటి పూరీ గేట్ కాడ రైలు గేటేస్తన్నానా?"

"నా కోసం చెయ్యి అక్కా."

"నీ కోసమేగానీ నాకేటవుతాది. ఠీక్ హై, తే."

పదకొండు రోజులు నడిచింది. డ్యూటీ అంటే అక్క ఒక్క నిమిషం తప్పే మనిషి కాదు. ఆరింటికి ముప్పై ఎనిమిది. పదింటికి డెబ్భై ఒకటి. నా డైరీలో గడులు నిండుతుంటే నాకు కొంత ఊపిరాడింది. అయినా గడియారం ముల్లు సమయానికి దగ్గరపడుతుంటే ముందే వెళ్లి పెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం, "రోజూ నంబర్లే గానీ, మీ అక్కాతమ్ముళ్లు ఒక మాట మాట్లాడుకోరేటండీ?" అనేది. లైను మీద అనవసరపు మాటలు కూడదని నేననేవాణ్ణి.

పన్నెండో రోజు మధ్యాహ్నం రెండింటికి పిలిచాను. జవాబు రాలేదు. రెండోసారి పిలిచాను. కొంచెంసేపటికి బటన్ నొక్కిన చప్పుడు. "నలభై... ఆరు" అంది అక్క.

నా దగ్గరున్న ఆ కాగితం నకలు చూశాను. నలభై ఆరే. డైరీలో రాసి టిక్కు పెట్టాను.

మా ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి లేచింది. "వదిన గొంతు అదోలా ఉందండీ."

"నంబరు సరిగ్గానే చెప్పింది."

"నంబరు గొడవ నాకెందుకు? ఒకపాలి సూసొస్తాను" అంటూ తాళంచెవి తీసుకుని, ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు తొడుక్కుని వెళ్లిపోయింది. నేను పెట్టె ముందే నిలబడ్డాను. వెంట వెళ్లాలని ఒకవైపు, అక్క మళ్లీ పిలుస్తుందేమోనని మరోవైపు. అంతలో పెట్టెలోంచి మా ఆవిడ గొంతు. "గ్లూకోజు డబ్బా పట్టుకు రండి. ఇక్కడది అడుగంటింది."

నేను వెళ్లేసరికి అక్క ఆ కుర్చీలోనే ఉంది. జాకెట్టు తడిసిపోయింది. కాగితం ఒడిలో ఉంది, పెన్సిలు వేళ్ల మధ్య ఉంది. నలభై ఆరు నీటుగా కొట్టేసి ఉంది. మా ఆవిడ చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తోంది. నేను గ్లూకోజు కలిపాను.

పావుగంటకు అక్క కళ్లలోకి చూపు వచ్చింది.

"అన్నం తినలేదా వదినా?" అంది మా ఆవిడ.

"సేపలు ఖరిదా బజారు నుంచి లేటుగా వచ్చినాయి. ఇంజెక్షన్ అప్పుడే వేసేసుకున్నాను. కూర దించేసరికి రెండు కావొస్తంది. వీడికి నంబరు సెప్పేసి తిందామని ఇక్కడ కూకున్నాను. తినేటప్పుడు పిలిస్తే సెయ్యి కడుక్కుని రావాల గదా."

వంటింట్లో అన్నం, కూర మూతల కింద అలాగే ఉన్నాయి. ఆ రెండు గంటల వేళ పెట్టింది నేను. ఆ కుర్చీ వంటింటికి దూరంగా వేయించిందీ నేనే. నిద్రమత్తులో గేట్‌మన్ చేయలేని పనిని, నలభై ఏళ్లు అరతెలివి రోగుల పక్కన డ్యూటీ చేసిన మా అక్క సగం స్పృహలో కూడా చేసింది. కాగితం చూసింది, నంబరు చదివింది, కొట్టేసింది. ఆ నంబరు నాకు ఎంత హామీ ఇచ్చిందంటే, చెవిలో పడిన గొంతును నేను వినలేదు.

"క్షమించక్కా" అన్నాను.

"ఎందుకురా? నలభై ఆరు తప్పా?" అంది. మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ ఆ కాగితం చింపేసింది. ఇక నుంచి అక్క అన్నం తిన్నాకే పిలుస్తుంది, వేళ ఆమెది. రెండున్నర దాటినా పిలవకపోతే మనమే వెళ్లాలని తేల్చింది. అందులో నన్ను సలహా అడగలేదు.

మర్నాడు రెండూ పదికి పెట్టె మోగింది. మా ఆవిడ కదల్లేదు. "మీరే మాట్లాడండి."

"తిన్నావా అక్కా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

"అన్నం, పప్పు, బెండకాయ. జిగురొచ్చేసింది."

ఇన్నేళ్లూ ఫోనులో పనిమాట చెప్పి పెట్టేయడమే నాకు తెలుసు. "జిగురు ఎందుకొచ్చింది?" అన్నాను.

"నీకు బెండకాయల మీద మనసెప్పుడు పోయిందిరా?"

మాటలు కాదు, వాటి కింద గొంతు వినడానికి ప్రయత్నించాను. చివర్లు తేలిపోతున్నాయా, మధ్యలో ఆగుతోందా అని. మా ఆవిడ వంక చూశాను. ఆమె ఒక్క క్షణంలో పట్టినదాన్ని పట్టడానికి నాకు ఎన్నాళ్లు పడుతుందో, ఈలోగా ఏమవుతుందోనన్న భయం.

"గొంతు ఎలా ఉంది?" అని ఆమెను మెల్లగా అడిగాను.

"మీరే సెప్పండి."

"బాగానే ఉందనుకుంటాను."

"అనుకుంటే సాలదు. ఇంకాస్త మాట్లాడండి."

నేను మళ్లీ బటన్ నొక్కి, బెండకాయలు ఎక్కడ కొన్నావని అడిగాను.