సూర్యోదయం లేని రోజు

వరంగల్‌లో ఒక రోజు సూర్యోదయాన్ని రద్దు చేసిన ఘనుణ్ణి నేను. నమ్మకపోతే మా మేనమామ ఉండే నేతగాళ్ల గల్లీకి వెళ్లి అడగండి. చాయ్ పోసి మరీ చెబుతారు.

అప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఏ ఊరికైనా సూర్యోదయం, సూర్యాస్తమయం లెక్కగట్టే యాప్ ఒకటి సొంతంగా రాసి, కాళ్లు నేల మీద ఆనకుండా తిరుగుతున్నాను. ఆ డిసెంబర్‌లో మామ నెల రోజుల నేతకు సరిపడా పడుగు, అంటే చీరల నిలువు పోగులు, సిద్ధం చేసుకున్నాడు. తెల్లారుతూనే దాన్ని గల్లీ పొడవునా సాగదీసి, పదిమంది కలిసి కుంచెలతో గంజి పట్టించాలి. ఎండ ముదిరితే గంజి బిగుసుకుని పోగులు తెగిపోతాయి. నెల కష్టం గంగపాలు. ఆ భయంతో మామ ప్రతిసారీ నాలుగింటికే లేచి గల్లీనంతా లేపేవాడు. గల్లీ అంతా తిట్టుకునేది.

"ఈసారి ఫికర్ చెయ్యకు మామా. పొద్దు పొడిచే అరగంట ముందు నా ఫోను గల్లీ మైకుల మోగుతది," అన్నాను.

"రేపు ఎన్నింటికి పొడుస్తది అల్లుడా?"

"అది ఫోనే చూసుకుంటది. నువ్వు నిమ్మలంగ పండు."

ఆ ఒక్క అంకె చూసి చెప్పినా బతికిపోయేవాణ్ణి. మేధావిని కదా, చూడలేదు.

మర్నాడు మొహం మీద ఎండ పడి మెలకువ వచ్చింది. మైకు నోరు మెదపలేదు. బయట అందరూ ఉరుకులు పరుగుల మీద పడుగు చాపి గంజి రాస్తున్నారు. రాసింది రాసినట్టే ఆరిపోతోంది. మామ కుంచె పట్టుకునే నా దగ్గరికి ఉరికొచ్చాడు.

"ఏమంటాంది నీ ఫోను?"

చూశాను. 'ఈ రోజు సూర్యోదయం లేదు' అని ఉంది.

మామ చదివాడు. ఆకాశం చూశాడు. మళ్లీ చదివాడు. "మరి నా గంజి ఎండబెడ్తాంది ఎవరురా?"

విషయం ఏమిటంటే, అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం కొట్టాను. దాంతో మామ ఇల్లు ఉత్తర ధ్రువం పక్కన మంచులోకి వెళ్లిపోయింది. అక్కడ డిసెంబర్‌లో సూర్యుడు రాడు. లెక్క మాత్రం తప్పు కాదండీ.

"లెక్కలు తర్వాత. ముందు దుప్పట్లు తేండ్రి," అంది అత్తమ్మ.

గల్లీలోని దుప్పట్లన్నీ పడుగు మీద నీడై లేచాయి. కర్రలు చాలని చోట నన్ను నిలబెట్టారు. పదింటికి పని ముగిసింది. ఒక్క పోగు తెగలేదు. చేతులు పడిపోయినా ప్రాణం లేచి వచ్చింది.

మామ కుంచె కడుక్కుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు. "అల్లుడా, ఇయ్యాల పొద్దు గూకుతదా, గూకదా? జర చూసి చెప్పు."

నెత్తి మీద దుప్పటితో, గల్లీ అంతా సాక్షిగా ప్రమాణం చేశాను. సూర్యుడి రాకపోకల్లో ఈ జన్మకు ఇక వేలు పెట్టను. ఆయన పని ఆయనకు తెలుసు.