మంచిగున్న అనడమే నేర్పాం

మా చిన్నమామ, అమ్మ తమ్ముడు, పోయిన నెలలో చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లు. డౌన్స్ సిండ్రోమ్‌తో పుట్టాడు, క్యాన్సర్‌తో పోయాడు. పలకరించడానికి నాచారంలో మా ఇంటికొచ్చిన ఒక పెద్దమనిషి, "పోనియ్ బిడ్డా, మీ అమ్మకు బరువు దిగింది" అన్నాడు. ఆయనకు టీ ఇచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

బరువేమిటి? అమ్మ టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడిగి, తుడిచి, పేర్చేది మామే. ఏ ప్లేటు మీద తడి కనిపించినా మళ్లీ తుడిచేవాడు. ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్లను ఆపి "అన్నా, తిన్నవా?" అని అడిగేవాడు. లేదంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు.

తనను ఎట్లున్నవని ఎవరడిగినా మాత్రం జవాబు ఒక్కటే: "మంచిగున్న." అది ఇంట్లోవాళ్లు నేర్పిందే. చిన్నప్పుడు చుట్టాల ముందు దండం పెట్టించి ఆ మాట అనిపించేవాళ్లు, అంటే బిస్కెట్ ఇచ్చేవాళ్లు. ఇంకోటి కూడా నేర్పాం. నడుము కింద చెయ్యి పెట్టుకుంటే "ఛీ, తప్పు" అనేవాళ్లం. నేనూ అన్నాను.

నిరుడు ఎండాకాలంలో మామ కాళ్లు ఎడంగా పెట్టి నడవడం మొదలుపెట్టాడు. ఉప్పల్‌లో ఒక డాక్టరుకు చూపించాను.

"ఎట్లుంది?" అని అడిగాడు డాక్టరు.

"మంచిగున్న సార్. నువ్వు తిన్నవా?" అన్నాడు మామ.

డాక్టరు నవ్వి నా వైపు తిరిగాడు. "ఇసొంటోళ్ల నడక గిట్లనే ఉంటది. జర బరువు తగ్గించున్రి."

ఇన్నేళ్లు తిన్నగా నడిచిన మనిషి సార్, అనాల్సింది. అనలేదు. నొప్పి మాత్రలు రాయించుకుని వచ్చాను.

నాలుగు నెలలకు, మామ కూర్చోలేకపోతుంటే అమ్మ బలవంతంగా చూసింది. వృషణం వాచి రాయిలా ఉంది. "ఎప్పటిసంది రా?" అంటే, "తప్పు గద అక్కా. చెప్పొద్దు గద" అన్నాడు.

ఇలాంటివాళ్లకు చాలా క్యాన్సర్లు మనకన్నా తక్కువేనట. చిన్నతనంలో రక్త క్యాన్సర్, మగవాళ్లకు ఈ క్యాన్సర్ మాత్రం ఎక్కువట. తొందరగా పట్టుకుంటే చాలామందికి నయమవుతుందట. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఇదంతా చెప్పి, "ముందే ఎందుకు తీస్కరాలే?" అంది. అప్పటికే ఊపిరితిత్తుల దాకా పాకింది.

ముఖం చూసి నడకకు కారణం తేల్చేసిన ఆ డాక్టరు మీద నాకు కోపం. ఆయన ముందు నోరు మూసుకున్న నా మీద ఇంకా కోపం. దేవుడి బిడ్డ అని ముద్దు చేసి, ఆ బిడ్డకూ ఒళ్లుందని, అది నొస్తుందని మరిచిన మా అందరి మీదా కోపం. ఇది చల్లారాలని నాకు లేదు.

నిన్న బండి మళ్లీ తెరిచాం. ప్లేట్లు నేను కడిగాను. షిఫ్టుకు పోతూ ఒకాయన ఆగి, "మీ మామ కనవడ్తలేడేంది? మంచిగున్నడా?" అన్నాడు. సంగతి ఆయనకు తెలియదు. చెబుదామనే నోరు తెరిచాను.

"మంచిగున్నడు" అన్నాను.

ఆయన తలూపి ప్లేటు తీసుకున్నాడు. తడిగా ఉంది. చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.