తాళం వేసిన గదిలో రీబూట్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. ఇప్పుడు నేనే ఇలాంటిది చెప్పాల్సి రావడం అంతకన్నా చిరాకు.

అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్లు చూస్తాను. అక్కడి సర్వర్‌లో ఉన్నది విండోస్ కాదు, యూనిక్స్ తరహా సిస్టమ్. పెట్టింది నాకు ముందు పనిచేసిన సత్యానందం గారు, రాజోలు మనిషి. కిందటేడు గుండెపోటుతో పోయారు. తయారుగా ఉన్న అప్‌డేట్ దించుకోవడం ఆయనకి నచ్చేది కాదు. సోర్స్ కోడ్ తెచ్చి, ఆ మిషన్ మీదే మొత్తం కంపైల్ చెయ్యాలి, అంటే ఆ కోడ్‌ని నడిచే ప్రోగ్రాములుగా మార్చుకోవాలి. ఆ ఏర్పాటు నా నెత్తిన పడింది.

కంపైల్ గంటల తరబడి నడిచి, సగంలో ఏదో ఎర్రర్‌తో ఆగిపోతుంది. అంతా తుడిచి మళ్ళీ మొదలు. ఆ వారమంతా అదే నా బతుకు.

చివరికి ఒక మధ్యాహ్నం పూర్తయింది. ఆ తర్వాత ఒక వరస ఉంది. ముందు సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ ఒక్కటే కొత్తది పెట్టాలి. రీబూట్ చేసి, అది సరిగ్గా లేస్తేనే మిగతా ప్రోగ్రాములు ఎక్కించాలి. రీబూట్ అంటే స్కాన్లు ఆగుతాయి. బయట గర్భిణులు కూర్చుని ఉన్నారు. ఇంక విసుగెత్తి, రీబూట్ మానేసి అన్నీ ఒకేసారి ఎక్కించేద్దామనుకున్నాను. ఇంకా ఏమీ ఎక్కించకుండానే సర్వర్ గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని టీకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి రిసెప్షన్లో మేరీ గారు కోపంగా ఉన్నారు.

"ఆపేముందు ఒక్క మాట చెప్పొచ్చు కదండీ. స్కాన్లు ఆగిపోయేయి, డాక్టరమ్మగారు కేకలేస్తన్నారు."

"నేనేమీ ఆపలేదండి. ఇప్పుడే టీ తాగొస్తున్నాను."

"అదేంటండీ! లోపల కీబోర్డు టకటకా కొడతా ఉంటే తలుపు తట్టేను కదండీ. 'ఆయ్, అయిపోవచ్చిందండి' అన్నారు."

తాళం వేసినట్టే ఉంది. తెరిచి చూస్తే కొత్త కెర్నల్ ఎక్కి, మిషన్ రీబూట్ అయి, కీబోర్డు ముందున్న మనిషి మాత్రమే పనిచేయగల స్థితిలో ఆగి ఉంది. ఆ స్థితి రావాలంటే మిషన్ లేచేటప్పుడు అక్కడే కూర్చుని మెనూలో ఎంచుకోవాలి. కరెంటు పోయి వచ్చిందనుకుంటే, పాత కెర్నల్‌తోనే మామూలుగా లేచేది.

తిట్టుకుంటూనే మిగతావి ఎక్కించాను. పాత సెట్టింగుల ఫైళ్ళని కొత్తవాటితో ఒక్కొక్కటే పోల్చి కలిపే దిక్కుమాలిన పని మాత్రం నాకే మిగిలింది. సాయంత్రానికి స్కాన్లు మొదలయ్యాయి. ఆ రీబూట్ లేకుండా ఎక్కించి ఉంటే సిస్టమ్ సగంలో చచ్చి ఉండేదని, రోగుల పాత స్కాన్లు చూడ్డానికి కూడా దారుండేది కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను.

సత్యానందం గారేమోనని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. అందుకే గొంతు ఎవరిదని మేరీ గారిని మళ్ళీ అడిగాను. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి ఆవిడ.

"ఆయనది కాదండి. మీదేనండి."

అబద్ధం చెప్పే మనిషి కాదు. అటు టీకొట్టతనేమో ఆ సేపంతా నేను తన బల్ల మీదే కూర్చున్నానంటాడు. ఈ రెండూ ఎలా నిజమో నాకిప్పటికీ అంతు పట్టలేదు.