మా అత్తమ్మ రాయించిన జబ్బులు

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఎవరు ఎదురుపడినా "ప్లాటు కొన్నరా?" అనే పలకరింపు. నాకు మాత్రం "ఇన్సూరెన్సు ఉందా?" అని అడగాలనిపించేది. మావారు బొంగులూరు వైపు ఒక వెంచర్లో ప్లాట్లు కొలిచేవారు. చిన్న జీతమైతే వచ్చేది గాని, దవాఖాన ఖర్చులకు ఏ భరోసా లేదు. ఎదురింటివాళ్ళు పిల్లాడికి డెంగీ వస్తే కొన్న ప్లాటునే అమ్ముకున్నారు. అప్పటినుంచి మా పదకొండు నెలల బుజ్జిగాడు తుమ్మితే చాలు, నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు (డిగ్రీ చదివిన ధైర్యమంతా వాడి ముక్కు దగ్గరే ఆగిపోయేది).

మా స్తోమతకు అందే పాలసీ ఒకటుందని చెప్పింది మేమంతా 'పాలసీ అన్న' అని పిలిచే మనిషి. పొద్దున ప్లాట్లు చూపించి, మధ్యాహ్నం పాలసీలు రాసేవాడు. రెండింటికీ ఒకటే సంచి. అతను వచ్చిన రోజు నేను చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. ఆ కాసేపూ బుజ్జిగాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మా అత్తమ్మే జవాబులు చెప్పింది. నేనొచ్చి సంతకం చేశాను. చదవకుండా. (డిగ్రీ అన్నాను కదా.)

వారం తర్వాత అతను ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "చెల్లె, మీ ఇద్దరికి ఇస్తరట. పిలగానికి ఇయ్యరట. గన్ని రోగాలుంటే ఎట్లిస్తరు?"

రోగాలా! అతనిచ్చిన ఫారం నకలు సంచిలో కుక్కుకుని, బుజ్జిగాణ్ణి చంకనేసుకుని, బస్టాండు దగ్గరి పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన పరీక్షిస్తుంటే వాడు స్టెతస్కోపు నోట్లో పెట్టుకున్నాడు. "గుండ్రాయి లెక్కున్నడమ్మా. జర నువ్వే బీపీ చూపించుకో" అంటూ వాడికి ఏ జబ్బూ లేదని కాగితం రాసిచ్చాడాయన.

ఇంటికొచ్చి ఫారం చదివితే: ఎప్పుడూ దగ్గు, తిన్నది వంటబట్టదు, కడుపునొప్పి, రాత్రంతా నిద్ర లేదు.

"అత్తమ్మా, గివన్ని నువ్వే చెప్పినవా?"

"అవ్. పరాయోడు ఇంట్లకొచ్చి పిలగాడు మంచిగున్నడా అని అడిగితే, ఉన్నడని చెప్తరానే? దిష్టి తగులదా?"

"దిష్టి లేదు గిష్టి లేదు! రేపు వానికేమన్నయితే ఏమమ్ముదాం? మనకు ప్లాటు గూడ లేదు!" అని అరిచాను. అత్తమ్మ వాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని గుండెకు హత్తుకుంది.

మర్నాడు పాలసీ అన్న కొత్త ఫారం తెచ్చాడు. అత్తమ్మ తలుపు వేసింది, కిటికీ వేసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతని చెవిలో చెప్పింది: "మంచిగనే ఉన్నడు. జర మెల్లగ రాయి." వెంటనే ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి బుజ్జిగాడికీ, ఫారానికీ, పాలసీ అన్నకూ కలిపి దిగదీసి, వేన్నీళ్ళ పొయ్యిలోంచి తెచ్చిన నిప్పుల మీద వేసింది. ఆ ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూనే అతను ఫారం నింపి, డాక్టరు కాగితం జతచేశాడు. నెల తిరక్కుండా ముగ్గురి పేర్లతో కార్డు వచ్చింది. దాన్ని ఎన్నిసార్లు తడిమి చూసుకున్నానో!

ఇప్పుడు బుజ్జిగాడు రెండో తరగతి. మొన్న పాలసీ రెన్యువల్ కోసం ఫోన్ చేసిన అమ్మాయి "బాబు ఆరోగ్యంగా ఉన్నాడా మేడం?" అని అడిగింది. వాడు ప్రహరీగోడ మీంచి దూకుతున్నాడు. "ఉన్నాడు" అన్నాను, ఎందుకో గొంతు తగ్గించి. దిష్టి లేదు గిష్టి లేదని అరిచిన ఆ డిగ్రీ పిల్ల ఎప్పుడు, ఎటు పోయిందో! ఫోన్ పెట్టేసి చూసుకుంటే నా చేతిలో ఉప్పు డబ్బా.

గుమ్మంలో అత్తమ్మ నవ్వుతోంది. "మిరపకాయలు పై అరల ఉన్నయి బిడ్డా" అంది.